దోనె, దొన్నె, పుటం: కృష్ణాడెల్టా దిగువప్రాంతంలో లోవంపు పదాల చరిత్ర

వ్యాససంగ్రహం

లోపలికి వంగిన ఆకారాలను సూచించే తెలుగు మాటలను మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల జీవనంతో అనుసంధానించి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ మాటలలో చాలావాటికి మూలం ఆకారం కాదని, ధారణ, అంటే దేనినైనా పట్టి ఉంచే గుణమని ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను. ఇందుకు ప్రత్యయ ప్రయోగాలు, నిఘంటు సంప్రదాయం, గ్రామనామాలు, శాస్త్ర పరిభాష, వాతావరణ పరిభాష ఆధారాలు. పాఠ్యపుస్తకాలలోని ‘పుటాకారం’, వాతావరణ సూచనలలోని ‘ద్రోణి’ ఈ సంప్రదాయానికి చెందినవేనని చూపి, నిఘంటు నిర్మాణంలో ఈ పదాలను ఎలా నమోదు చేయాలో సూచిస్తాను.

కీలకపదాలు: లోవంపు, ధారణ, దోనె, ద్రోణి, పుటం, అఖాతం, వాయుగుండం, దివిసీమ.

ఉపోద్ఘాతం

పాఠశాల భౌతికశాస్త్రంలో దర్పణాలు రెండు విధాలు: పుటాకార దర్పణం, కుంభాకార దర్పణం. ఈ రెండు పేర్లనూ విద్యార్థి కంఠస్థం చేస్తాడు. ఏది లోపలికి వంగినదో, ఏది బయటికి ఉబ్బినదో గుర్తుంచుకోవడానికి నానా అవస్థలు పడతాడు. కుంభం అంటే కుండ అని తెలుసు కనుక రెండవ పేరు కొంత సుగమం. మొదటి పేరులోని పుటం ఏమిటో చెప్పే పుస్తకాలు అరుదు. అదే విద్యార్థి గుడిలో పులిహోర తినే ఆకుదొన్నె సంస్కృతంలో పత్రపుటమేనని తెలిస్తే ఆ పేరును కంఠస్థం చేయవలసిన పని ఉండదు.

పరిభాషకూ వాడుకకూ మధ్య తెగిన ఈ లంకెను చారిత్రకంగా వెదకడానికి కృష్ణాడెల్టా దిగువప్రాంతం అనువైన క్షేత్రం. ఇక్కడి జీవనం నీటిని పట్టడం, మళ్లించడం, దాటడం, తప్పించుకోవడం అనే పనుల చుట్టూ అల్లుకొన్నది. ఈ పనులన్నింటికీ లోపల ఖాళీ ఉన్న వస్తువు కావాలి. అందువల్ల లోవంపు మాటలు ఈ ప్రాంతంలో దట్టంగా కనిపిస్తాయి. ఒక వక్రతలం యొక్క లోపలి వైపును సూచించడానికి ‘లోవంపు’ అనే మాటను ఈ వ్యాసంలో పారిభాషికంగా వాడుతున్నాను.

పరిధి: వంపు, గుంట, సొట్ట

ముందుగా పరిధిని నిర్ణయించుకోవాలి. వంపు, వంక, వంకర అనేవి ప్రధానంగా గీత వంగడాన్ని చెబుతాయి. నెలవంక, ఏటివంపు, నడుము వంపు ఇందుకు ఉదాహరణలు. వీటిలో లోపల, బయట అనే విభజన ముఖ్యం కాదు. కనుక వీటిని ఈ పరిశీలన నుంచి మినహాయిస్తున్నాను.

తలం లోపలికి వంగడాన్ని చెప్పే మాటలను మూడు వర్గాలుగా విభజించవచ్చు. మొదటి వర్గం నేలకు సంబంధించినది: గుంట, గొయ్యి, పల్లం, మడుగు, చెలమ, బోదె. రెండవది వస్తువులకు సంబంధించినది: దొప్ప, దొన్నె, దోనె, తొట్టి, మూకుడు, చేట, గంప, బాన. దోసిలి, చేర, పుడిసిలి వంటి చేతి ఆకారాలను కూడా ఈ వర్గంలోనే చేర్చాలి. మూడవ వర్గం లోపాలను తెలిపేది: సొట్ట, నొక్కు, లొత్త. బిందెకు సొట్ట పడుతుంది. జబ్బుపడిన మనిషి బుగ్గలు లొత్తలు పడతాయి.

జ్యామితి దృష్టితో చూస్తే దొన్నె లోపలి తలానికీ, బిందె మీది సొట్టకూ భేదం లేదు. రెండూ లోపలికి వంగినవే. అయినా తెలుగు భాష ఈ రెండింటినీ ఒకే కోవలో పెట్టలేదు. ఈ భేదం వ్యాకరణంలో కూడా ప్రతిఫలిస్తున్నది.

ప్రత్యయ సాక్ష్యం: ఎడు, అంత

పరిమాణాన్ని తెలిపే ‘ఎడు’ ప్రత్యయం తెలుగులో విస్తృతంగా ఉన్నది. జానెడు, మూరెడు, బారెడు వంటి పొడవు కొలతలలోను, మానెడు, కుంచెడు, పుట్టెడు వంటి ధాన్యపు కొలతలలోను అది కనిపిస్తుంది. ఇవి ఏర్పడిన కొలతలు. అయితే కొలతగా ఎన్నడూ స్థిరపడని మాటలకు కూడా ఈ ప్రత్యయం చేరుతుంది: గంపెడు మట్టి, చేటెడు బియ్యం, బానెడు నీళ్లు, దోసెడు పూలు, చారెడు ఉప్పు, పుడిసెడు నీళ్లు. వీటన్నిటికీ ఉన్న సామాన్య లక్షణం లోపల పట్టే చోటు ఉండటమే. కొత్త వస్తువులు వచ్చినప్పుడు కూడా భాష ఈ సూత్రాన్నే పాటించింది. గ్లాసుడు, బకెట్టుడు, డబ్బాడు వంటి రూపాలు అన్యదేశ్యాలకు సైతం ఈ ప్రత్యయం సహజంగా అతుకుతున్నదని చూపుతాయి.

దీనికి భిన్నంగా ఉబ్బెత్తు వస్తువులు ‘అంత’ను తీసుకొంటాయి. కొండంత అండ అంటాం; కొండెడు అండ అనం. దిబ్బెడు అనే రూపం వినబడదు. సొట్టెడు, లొత్తెడు అనేవీ లేవు. సొట్ట లోపలికి వంగినదే అయినా ఏమీ పట్టదు కనుక దానికి ‘ఎడు’ చేరదు. ఈ ప్రత్యయం ఆకారాన్ని గాక ధారణను గుర్తిస్తున్నదనడానికి ఇది ప్రబలమైన ఆధారం.

ఒకే నామవాచకం రెండు ప్రత్యయాలనూ తీసుకొనే సందర్భాలు మరింత ఆసక్తికరం. ‘చేటెడు బియ్యం’ అన్నప్పుడు చేట లోపలి భాగం మన దృష్టిలో ఉంటుంది. ‘ముఖం చేటంత అయింది’ అన్నప్పుడు చేట బయటి విస్తీర్ణం దృష్టిలో ఉంటుంది. ‘బానెడు కుడితి’, ‘బానంత పొట్ట’ అనే జంటలోనూ ఇదే తేడా. వస్తువు మారలేదు, చూపు మారింది. లోవంపు, బయటివంపు అనేవి ఒకే తలానికి రెండు వైపులన్న జ్యామితి సత్యాన్ని తెలుగు వాడుక ప్రత్యయ భేదంతో ఏనాడో వ్యక్తం చేసింది.

భావప్రపంచంలోకి కూడా ఈ విభజన విస్తరించింది. మనిషి మోసేవి, దాచుకొనేవి ‘ఎడు’తో వస్తాయి: గంపెడాశ, పుట్టెడు దుఃఖం. మనిషికి బయట నిలిచి కాపాడేవి ‘అంత’తో వస్తాయి: కొండంత అండ, కొండంత ధైర్యం.

వెల్లకిల, బోర్ల

గిన్నె లోవంపు పైకి ఉన్నదా, కిందికి ఉన్నదా అని చెప్పడానికి వాడుకలో విశేషణాలు లేవు. ఆ పనిని వెల్లకిల, బోర్ల అనే భంగిమా పదాలు చేస్తాయి. ఇవి మనిషి పడుకొనే తీరు నుంచి వచ్చినవి. కడిగిన గిన్నెలు బోర్లిస్తారు. కోడిపిల్లల మీద గంప బోర్లిస్తారు. బిడ్డ మొదటిసారి బోర్లాపడినప్పుడు బొబ్బట్లు పంచిపెట్టడం తెలిసిన ఆచారమే.

మూకుడు ఈ విషయంలో చక్కని ఉదాహరణ. అది కుండ మీద బోర్లిస్తే మూత. పొయ్యి మీద వెల్లకిల పెడితే బూరెలు వేయించే పాత్ర. ఒకే పేరు, ఒకే ఆకారం, భంగిమను బట్టి రెండు ప్రయోజనాలు. పడవ విషయంలో ఇదే భేదం ప్రాణాంతకం. నీటి మీద వెల్లకిల ఉన్నంతసేపే అది పడవ. ‘బోల్తాపడటం’ అనే మాట బోర్లకు ధ్వనిలోను, అర్థంలోను దగ్గరగా ఉండటం ఇక్కడ గమనార్హం.

ఈ దృష్టితో చూస్తే గుడివాడ, ఘంటసాల దిబ్బలు కూడా ఈ చర్చలోకి వస్తాయి. భట్టిప్రోలుతో పాటు ఈ రెండు చోట్ల ఉన్న బౌద్ధ స్తూపాలను గురించి అలెగ్జాండర్ రీ రచించిన గ్రంథం 1894లో వెలువడింది. స్తూపపు గుమ్మటాన్ని శిల్పశాస్త్ర పరిభాష అండం అన్నది. లోకం దానిని బోర్లించిన గిన్నెతో పోల్చింది. ఊరివారికి అది దిబ్బ. మూడు పేర్లూ బయటి చూపుతో పుట్టినవే. స్తూపం లోపల నిక్షిప్తమైన ధాతుపేటిక మాత్రం పట్టి ఉంచే వస్తువు. దాని పేరు కరండం, అంటే బుట్ట.

దోనె, ద్రోణి: తొట్టి నుంచి పడవ దాకా

నిఘంటువులు దోనెకు తొట్టి, పడవ అని రెండు అర్థాలు ఇస్తాయి. సంస్కృత ద్రోణికీ ఈ రెండు అర్థాలు ఉన్నాయి. అమరకోశం ప్రథమకాండలోని వారివర్గం ద్రోణిని నీటిని మోసే కొయ్య సాధనంగా నిర్వచిస్తుంది. తొట్టి లోపల నీరు ఉంటుంది. పడవ బయట నీరు ఉంటుంది. పైకి పరస్పర విరుద్ధంగా తోచే ఈ రెండు అర్థాలూ ధారణ దృష్టితో ఒక్కటే. రెండు చోట్లా లోవంపు చేసే పని నీటిని ఒక వైపున నిలిపి ఉంచడం. ఆ నీరు ఏ వైపున ఉన్నదన్నది సందర్భాన్ని బట్టి నిర్ణయమవుతుంది.

డెల్టాలో ఈ రెండు అర్థాలనూ కలిపి చూపే వస్తువు తాటిదోనె. తాటిమొద్దును నిలువునా చీల్చి, లోపలి మెత్తని భాగాన్ని తొలిస్తే దోనె ఏర్పడుతుంది. గట్టు మీద ఉంచితే అది నీరు పారే మార్గం. కొల్లేటి వంటి లోతులేని నీటిలో దించితే మనిషిని మోసే పడవ. కార్తికమాసం ముగిసిన మరునాడు పోలిపాడ్యమికి స్త్రీలు నీటిలో వదిలే అరటిదొప్ప కూడా ఇటువంటిదే. దొప్ప నూనెనూ వత్తినీ పట్టే పాత్ర, దీపాన్ని మోసే పడవ కూడా. దొప్పకూ దోనెకూ వ్యుత్పత్తి సంబంధం ఉన్నదని ఇక్కడ అనడం లేదు. ఒకే భావన రెండు వేర్వేరు మాటలలో ఒకే విధంగా విస్తరించిందని మాత్రమే ప్రతిపాదన.

ఆధునిక నిర్మాణంలోనూ ఈ భావనకు దృష్టాంతం దొరుకుతుంది. కృష్ణానది పులిగడ్డ వద్ద చీలి దివిసీమను చుట్టి సముద్రంలో కలుస్తుంది. నదీపాయ మీదుగా దివిసీమకు కాలువ నీటిని చేరవేసే నిర్మాణాన్ని ‘పులిగడ్డ అక్విడక్టు’ అనే పిలుస్తారు. కింద నది, పైన తొట్టిలో కాలువ. అమరకోశ నిర్వచనంలో కొయ్యకు బదులు కాంక్రీటు అని మార్చుకొంటే ఇది ద్రోణియే. వస్తువు మన సంప్రదాయ భావనకు సరిపోయినా, పేరు ఇంగ్లీషు నుంచి వచ్చి స్థిరపడింది.

నేల మీది లోవంపులు: కాలువలు, గ్రామనామాలు

విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయిన 1855 తరువాత ఈ ప్రాంతంలో బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ వంటివి సేద్యానికీ పడవ ప్రయాణానికీ ఆధారాలయ్యాయి. పెద్ద కాలువలకు ఊళ్ల పేర్లో, అధికారుల పేర్లో వచ్చాయి. పొలంలోకి నీటిని తెచ్చే చిన్న కాలువ మాత్రం బోదెగానే మిగిలింది. పల్లపు నీటిని పైకి తోడే గూడ, ఏతం బాన వంటి పరికరాల పేర్లూ నిలిచాయి. ప్రభుత్వ నిర్మాణానికి పరిపాలన పేరు పెట్టింది. రైతు చేతిలోని లోవంపుకు వాడుక పేరు పెట్టింది. ఇటువంటి మాటలను శాస్త్రీయంగా సేకరించిన తొలి ప్రయత్నాలలో ప్రముఖమైనది భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం, వ్యవసాయ సంపుటం.

దివిసీమ గ్రామనామాలు మరొక ఆధారం. ఈలచెట్లదిబ్బ, పాలకాయతిప్ప, నాగాయలంక అనే పేర్లలో దిబ్బ, తిప్ప, లంక అనేవి నీటి మట్టం కన్న ఎత్తుగా ఉన్న నేలను చెబుతాయి. నాచుగుంట, సొర్లగొంది, ఏటిమొగ అనే పేర్లలో గుంట, గొంది, మొగ అనేవి నీటికి చోటిచ్చిన నేలను, సందును, ముఖద్వారాన్ని చెబుతాయి. ఊరి పేరు నేల మట్టాన్ని నమోదు చేసిన పత్రం వంటిది. 1977 నవంబరు 19 ఉప్పెనలో తీవ్రంగా నష్టపోయిన గ్రామాలలో సొర్లగొంది ఒకటి. అయితే ఎత్తును తెలిపే పేరున్న ఊళ్లు కూడా ఆ ఉప్పెన నుంచి తప్పించుకోలేదు. కనుక పేరును రక్షణ సూచికగా భావించరాదు. కానీ ఊరు ఏర్పడిన కాలంలో అక్కడివారు నేలను ఎలా చూశారో అది చెబుతుంది.

సముద్రపు పేరులోనూ లోవంపు ఉన్నది. బంగాళాఖాతంలోని అఖాతం అమరకోశంలో, అదే వారివర్గంలో, ఎవరూ తవ్వని సహజమైన మడుగు. ఖాతం అంటే తవ్వినది. అఖాతం అంటే తవ్వనిది. ఇంగ్లీషు నుంచి భూగోళశాస్త్రం తెలుగులోకి వచ్చినప్పుడు భూమిలోకి వంగిన సముద్రభాగానికి ఈ పాత మాటను వినియోగించారు. చెరువు, కోనేరు వంటి తవ్విన లోవంపుల పక్కన సముద్రాన్ని మనిషి తవ్వని లోవంపుగా నిలిపిన ఆ అనువాదకుల ఔచిత్యం మెచ్చదగినది. ఇక్కడ కూడా చూపు ప్రధానమే. దేశపటంలో బంగాళాఖాతం భూమిలోకి వంగినట్లు కనిపిస్తే, దివిసీమ అదే అఖాతంలోకి పొడుచుకొని వచ్చిన భూభాగంగా కనిపిస్తుంది.

పుటాకారం: పరిభాషలో వస్తుస్మృతి

లోవంపు తలానికి భారతీయ భాషలు ఎన్నుకొన్న శాస్త్ర పదాలను పోల్చి చూడటం ఉపయుక్తం. హిందీ ‘అవతల’ అన్నది, అంటే కిందికి దిగిన తలం. కన్నడం ‘నిమ్న’ అన్నది, అంటే పల్లమైనది. తమిళం ‘కుళి’ అనే మాటను, అంటే గొయ్యి అనే అర్థమున్నదానిని, తీసుకొన్నది. ఇవి తలాన్నో, మట్టాన్నో, నేలనో ఆధారం చేసుకొన్న పేర్లు. తెలుగు రెండు పాత్రలను ఎన్నుకొన్నది: లోవంపుకు పుటం, బయటివంపుకు కుంభం.

ఈ ఎన్నిక తార్కికంగా ప్రశ్నార్హమే. కుండకు లోపలి తలం లేదా? దొన్నెకు బయటి తలం లేదా? దీనికి సమాధానం వస్తువుల నోటిలో ఉన్నది. కుండ మూతి ఇరుకు. లోపల కనిపించదు, కనిపించేది ఉబ్బిన పొట్టే. దొన్నె నోరు విశాలం. కంటికి ముందుగా తగిలేది లోపలి భాగమే. కనుక కుంభం బయటివంపుకు, పుటం లోవంపుకు ప్రతినిధులు కావడం చూపును అనుసరించిన ఏర్పాటు. చేటెడు, చేటంత అనే జంటలో కనిపించిన సూత్రమే ఇది.

పుట శబ్దానికి మడత, లోపలి ఖాళీ, ఆకుదొన్నె అనే అర్థాలున్నాయి. కర్ణపుటం, నాసాపుటం, అంజలిపుటం అనే సమాసాలు కావ్యభాషలో సుప్రసిద్ధం. స్వర్ణకారుడు బంగారాన్ని పుటం పెడతాడు. వైద్యుడు ఔషధాన్ని పుటం వేస్తాడు. పుస్తకపు పుట కూడా మడతకు సంబంధించినదే. అంటే పుటాకారం అనే పదం పాఠ్యపుస్తకంలో ప్రవేశించేనాటికి పుటం తెలుగువారికి అనేక వృత్తులలో పరిచితం.

ఈ శబ్దం నేటికీ సజీవంగా ఉన్న రంగం ఒకటి ఈ డెల్టాలోనే ఉన్నది. మొవ్వ మండలంలోని కూచిపూడి పేరుతో ప్రసిద్ధమైన నాట్యసంప్రదాయంలో విద్యార్థులు అభినయదర్పణంలోని హస్తాలను అభ్యసిస్తారు. వాటిలోని సంయుత హస్తాలలో పుష్పపుటం ఒకటి. అరచేతులు లోపలికి వంచిన రెండు సర్పశీర్ష హస్తాలను పక్కపక్కన చేర్చితే పుష్పపుటం అవుతుంది. హారతి, పండ్లను అందుకోవడం, సంధ్యాకాలపు అర్ఘ్యం, మంత్రపుష్పం దాని వినియోగాలు. ఇవన్నీ ఇవ్వడమో, పుచ్చుకోవడమో. అంటే ఇక్కడ కూడా లోవంపుకు అర్థం ధారణే. ఉదయం బడిలో పుటాకార దర్పణాన్ని, సాయంత్రం నాట్యశిక్షణలో పుష్పపుటాన్ని నేర్చుకొనే విద్యార్థిని ఈ రెండు పుటాలూ ఒకటేనని తెలుసుకొనే అవకాశం పాఠ్యప్రణాళికలో లేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ద్వారా ఉన్నతవిద్యకు పరిభాష సమకూరింది. పదాన్ని స్థిరపరచడం జరిగింది. ఆ పదంలోని వస్తువును పరిచయం చేయడం మిగిలి ఉన్నది.

వాతావరణ పరిభాష: ద్రోణి, వాయుగుండం

లోవంపు మాటలు ఈ తీరంలో అత్యవసరంగా వినిపించే సందర్భం వాతావరణ సూచన. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నం పరిసరాలలో సుమారు 30,000 మంది మరణించారు. తరువాత 113 ఏళ్లకు దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. అటువంటి చోట హెచ్చరిక భాష కేవలం పరిభాషా సమస్య కాదు.

అల్పపీడన ద్రోణి, ఉపరితల ద్రోణి, వాయుగుండం అనే పదాలు నేడు పత్రికలలోను, ప్రసారాలలోను నిత్యవ్యవహారం. ద్రోణి అంటే పటం మీద తక్కువ పీడనం సాగి ఉన్న పొడవైన ప్రాంతం. పీడనరేఖలు ఆ చోట తొట్టి ఆకారంగా వంగుతాయి. గుండం అంటే లోతైన నీటి గుంట. వాయుగుండం అనే కల్పనకు సుడిగుండం ఆదర్శమై ఉంటుందని భావించవచ్చు. సుడిగుండంలో నీరు, వాయుగుండంలో గాలి కేంద్రం చుట్టూ తిరుగుతాయి. రెండూ సమీపించరాని చోట్లు.

ఈ రెండు పేర్ల మధ్య భేదాన్ని శ్రోత గ్రహించడం అవసరం. ద్రోణి అనేది పీడనం పరచుకొన్న తీరును తెలిపే మాట. దానికి గాలివేగపు పరిమితి లేదు. వాయుగుండం గాలివేగాన్ని బట్టి నిర్వచించబడిన దశ. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుఫాను. లోవంపు వాడుకలోనే ఈ భేదానికి ఆధారం ఉన్నది. దోనె నీరు పారే దారి. గుండం మనిషిని లాగే లోతు. ‘ద్రోణి అంటే దోనె’ అని ఒక్కసారి వివరించి చెబితే, దోనెతో జీవించిన సమాజానికి ఆ పదం పరాయిది కాదు. ఫైబర్ పడవలు, ప్లాస్టిక్ తొట్లు వచ్చి తాటిదోనె మరుగవుతున్న కొద్దీ ఈ వివరణ కష్టమవుతుంది. వస్తువు పోతే పరిభాషకు ఆధారంగా నిలిచిన మెట్టు పోతుంది.

ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. తెలుగు వాడుక లోపలికి వంగిన ఆకారాన్ని ధారణతో గుర్తిస్తుంది. పట్టగలిగిన లోవంపుకు ‘ఎడు’ ప్రత్యయం చేరుతుంది, పట్టలేని సొట్టకు చేరదు. లోపలి, బయటి వైపుల భేదాన్ని ‘ఎడు’, ‘అంత’ ప్రత్యయాలు, వెల్లకిల, బోర్ల అనే భంగిమలు తెలుపుతాయి. పుటాకారం, అఖాతం, ద్రోణి, వాయుగుండం వంటి శాస్త్ర పదాలు ఈ వస్తుదృష్టికి కొనసాగింపు.

దీని ఆధారంగా రెండు సూచనలు చేయవచ్చు. మొదటిది నిఘంటువులకు సంబంధించినది. దోనెకు తొట్టి, పడవ అని సంఖ్యలు వేసి విడదీసిన అర్థాల కింద వాటిని కలిపే మూలార్థాన్ని, అంటే నీటిని ఒక వైపున నిలిపే తొలిచిన వస్తువును, తొలుత నమోదు చేయాలి. మూకుడు, దొప్ప, పుటం వంటి పదాలకూ ఈ పద్ధతే మేలు. రెండవది పాఠ్యపుస్తకాలకు, వాతావరణ ప్రసారాలకు సంబంధించినది. పుటాకారం పక్కన దొన్నెను, ద్రోణి పక్కన దోనెను ఒక వాక్యంలో పరిచయం చేయాలి. అందుకు కొత్త పరిభాషను సృష్టించనక్కరలేదు. బందరు కాలువ గట్టున, కొల్లేటి నీటిలో, దివి లంకలలో ఆ మాటలను ఎరిగినవారు ఉండగానే వాటిని సేకరించడం తక్షణ కర్తవ్యం.